వెబ్ సేవకు డ్యాష్‌బోర్డు: లోపం ఎటువైపు ఉందో తెలిసేదెలా?

తెలుగు వికీసోర్సులో ఉన్న పుస్తకాల జాబితా కావాలంటే ఒక్కొక్క పేజీ తెరిచి చేత్తో రాసుకోవచ్చు. లేదా చిన్న ప్రోగ్రాము రాసి దానిచేత అడిగించవచ్చు. రెండో పద్ధతిలో మన ప్రోగ్రాము అవతలి కంప్యూటరుకు ఒక నిర్ణీత రూపంలో ప్రశ్న పంపుతుంది. అది నిర్ణీత రూపంలోనే జవాబిస్తుంది. మనుషులు చదవడానికి కాక ప్రోగ్రాములు వాడుకోవడానికి పెట్టిన ఇలాంటి ఏర్పాటును వెబ్ సేవ అంటారు. ఫోనులో మనం చేసే చెల్లింపులు, చూసే వాతావరణ సూచనలు, కొనే టికెట్లు చాలావరకు ఇలాంటి సేవల మీదే నడుస్తున్నాయి. ఈ వ్యాసంలో 'రిక్వెస్టు'ను విన్నపం అనీ, 'రెస్పాన్సు'ను జవాబు అనీ అంటాం. మిగిలినవాటికి వాడుకలో ఉన్న పేర్లనే ఉంచాం. కొత్త మాటలు కట్టి పాఠకుణ్ణి మధ్యలో ఆపడం మా ఉద్దేశం కాదు.

సరిగా పనిచేస్తున్నంత కాలం ఈ సేవల ఊసే ఉండదు. జవాబు రానప్పుడు, లేక ఖాళీ జవాబు వచ్చినప్పుడు చిక్కు మొదలవుతుంది. లోపం తాను రాసిన ప్రోగ్రాములో ఉందా, దారిలో ఉందా, సేవ నడిపేవారి దగ్గర ఉందా అన్నది విద్యార్థికి తెలియదు. నడిపేవారి దగ్గర సర్వరు చిట్టాలు ఉంటాయి, వాళ్లు తిరగేసి చూసుకోగలరు. బయటివారికి ఆ గదిలోకి ప్రవేశం లేదు. తమకు సంబంధించినంత మేరకు లోపల జరిగినదాన్ని బయటివారికి చూపే కిటికీయే డెవలపర్ల డ్యాష్‌బోర్డు. దాన్ని కట్టేవారు ఏం గమనించాలి, ముఖ్యంగా ఆ సేవ గుండా తెలుగు మాటలు ప్రయాణించేటప్పుడు ఏం గమనించాలి అన్నవి ఇక్కడ పరిశీలిస్తాం.

డ్యాష్‌బోర్డు అన్న మాటకు కొంత చరిత్ర ఉంది. 19వ శతాబ్దపు గుర్రపు బగ్గీల్లో, గుర్రాల డెక్కల నుంచి చిమ్మే బురద తోలేవారి మీద పడకుండా ముందు ఒక పలక బిగించేవారు. మోటారు కార్లు వచ్చాక బురద బాధ పోయింది కాని పలక పోలేదు. దాని మీద వేగం, ఇంధనం చూపే ముళ్లు వచ్చి చేరాయి. కంప్యూటరు తెరకు ఈ పేరు అక్కడినుంచే వచ్చింది. ఈ పోలిక సేవ నడిపేవారికి సరిపోయినంతగా వాడేవారికి సరిపోదని మా అభిప్రాయం. నడిపేవారు బండి తోలుతున్నారు. వాడేవారు ఆ బండిలో ఒక మూట పంపారు. మూట పంపినవారికి కావలసింది వేగం చూపే ముల్లు కాదు, రసీదు.

ఈ తేడాను పట్టించుకోకపోవడం వల్లే చాలా డ్యాష్‌బోర్డులు అందంగా ఉండి కూడా అక్కరకు రావు. గూగుల్ ఇంజనీర్లు తమ అనుభవాలను 'సైట్ రిలయబిలిటీ ఇంజనీరింగ్' అన్న పేరుతో 2016లో పుస్తకంగా వెలువరించారు. ఏ సేవనైనా కనిపెట్టి ఉండడానికి నాలుగు సూచికలు చాలా ముఖ్యమని అందులో చెప్పారు: జవాబుకు పట్టే సమయం, వచ్చే విన్నపాల రద్దీ, విఫలమైనవాటి పాలు, యంత్రాలు ఎంత నిండి ఉన్నాయన్నది. నడిపేవారికి ఇది మంచి సలహా. దాన్నే యథాతథంగా వాడేవారి ముందు పెడితే ఏమవుతుందో లెక్క వేసి చూద్దాం. ఒక సేవకు రోజుకు 10,00,000 విన్నపాలు వస్తాయనుకుందాం. అందులో 99.9 శాతం సఫలమైతే తెర అంతా పచ్చగా ఉంటుంది. మిగిలిన 0.1 శాతం అంటే 1,000 విన్నపాలు. ఆ వెయ్యీ ఒకే విద్యార్థి ప్రోగ్రాము పంపినవైతే, ఆ విద్యార్థి వరకు సేవ నూటికి నూరు పాళ్లూ పనిచేయనట్టే. సమయం సంగతీ అంతే. 99 విన్నపాలకు 0.1 సెకను చొప్పున పట్టి, ఒకదానికి మాత్రం 10 సెకన్లు పడితే సగటు 0.2 సెకను అని వస్తుంది. ఆ పది సెకన్లు కూర్చున్నవారు ఈ సగటులో కనిపించరు. అందుకే డెవలపర్ల తెర మీద మొదట ఉండవలసింది సేవ మొత్తం ఆరోగ్యం కాదు, ఆ డెవలపరు పంపిన విన్నపాల పట్టిక. మొత్తం మీద సేవ ఎలా ఉందో ఒక మూల ఒక్క వాక్యంలో చెబితే చాలు.

పట్టికలో ప్రతి విన్నపానికి ఒక గుర్తింపు సంఖ్య ఉండాలి. స్పీడ్ పోస్టులో ఉత్తరం ఇచ్చినప్పుడు మన చేతికి ఒక నంబరు వస్తుంది. ఉత్తరం ఎక్కడ ఆగిందో ఆ నంబరుతో మనమూ వెతకవచ్చు, తపాలా ఉద్యోగీ వెతకవచ్చు. ఇద్దరూ మాట్లాడుకునేది ఒకే ఉత్తరం గురించి అని నిశ్చయంగా తెలుస్తుంది. 2011లో అందరికీ అందుబాటులోకి వచ్చిన స్ట్రైప్ అనే చెల్లింపుల సేవ ఈ పని చక్కగా చేసింది. ప్రతి జవాబుతో పాటు ఒక గుర్తింపు సంఖ్య పంపుతుంది. డ్యాష్‌బోర్డులో ఆ సంఖ్య కింద విన్నపం ఏ రూపంలో అందింది, ఏ జవాబు వెళ్లింది అన్నవి చూసుకోవచ్చు. ఇందులో 'ఏ రూపంలో అందింది' అన్న మాట ముఖ్యం. తాను ఏం పంపానని డెవలపరు అనుకుంటున్నదీ, నిజంగా సర్వరుకు చేరినదీ ఒకటి కాకపోవచ్చు. చిక్కులో సగభాగం ఆ తేడాలోనే ఉంటుంది.

జవాబు మీద మూడంకెల స్థితి సంఖ్య ఒకటి ఉంటుంది. 200 అంటే సరే అని. 4తో మొదలైతే లోపం అడిగినవారి వైపు ఉందని, 5తో మొదలైతే సేవ వైపు ఉందని స్థూలంగా అర్థం. 401 అంటే మీరెవరో రుజువు కాలేదని, 403 అంటే మీకు అనుమతి లేదని, 404 అంటే అడిగింది ఇక్కడ లేదని, 429 అంటే మరీ తరచుగా అడుగుతున్నారని, 503 అంటే సేవ ప్రస్తుతం అందుబాటులో లేదని. వీటిని రంగులతో వేరు చేసి చూపడం మామూలు. ఎరుపు, పచ్చల తేడా పోల్చుకోలేనివారు ఉంటారు గనుక అంకె కూడా పక్కన ఉండాలి.

అయితే ఈ అంకెలను మాత్రమే నమ్ముకున్న తెర మోసపోతుంది. తెలుగు వికీపీడియా, వికీసోర్సు, విక్షనరీ మూడింటికీ ఆధారమైన మీడియావికీ వ్యవస్థనే తీసుకుందాం. దాని సేవలో విన్నపం తప్పుగా ఉన్నా చాలా సందర్భాల్లో స్థితి సంఖ్య 200 అనే వస్తుంది. తప్పు సంగతి జవాబు లోపల వేరే రాసి ఉంటుంది. లేని పేజీని అడిగితే అది తప్పుగా కూడా లెక్కకు రాదు. 'ఈ పేరుతో పేజీ లేదు' అన్న గుర్తుతో నిక్షేపంగా 200 వస్తుంది. అంటే స్థితి సంఖ్యలు లెక్కపెట్టే డ్యాష్‌బోర్డులో అంతా పచ్చగా ఉంటుంది, విద్యార్థి చేతిలో మాత్రం ఏమీ ఉండదు. కాబట్టి 'సఫలం', 'విఫలం' అన్న రెండు గదులు చాలవు. 'సఫలమే గాని ఖాళీ' అన్న మూడో గది ఒకటి ఉండాలి. తెలుగు మాటలతో చేసే విన్నపాలు తరచుగా వచ్చి పడేది ఈ మూడో గదిలోనే.

అలా ఎందుకు జరుగుతుందో కొంచెం వివరంగా చూడాలి. 'చెన్నై' అన్న మాట పలకడానికి రెండక్షరాలు. యూనికోడులో అది ఆరు సంకేతాలు: చ, ఎత్వం, న, పొల్లు, న, ఐత్వం. నెట్‌లో సాధారణంగా వాడే యూటీఎఫ్-8 పద్ధతిలో ఒక్కొక్క తెలుగు సంకేతానికి 3 బైట్లు కావాలి గనుక మొత్తం 18 బైట్లు. ఈ మాటను వెబ్ చిరునామాలో పెట్టి పంపేటప్పుడు ఒక్కొక్క బైటు ముందు శాతం గుర్తు, దాని తరువాత రెండు అక్షరాలు వస్తాయి. అంటే 54 గుర్తుల వరుస. చాలా చిట్టాలు ఈ 54 గుర్తులనే చూపి ఊరుకుంటాయి. అది చూసి 'చెన్నై' అని పోల్చుకోగలిగినవారు ఎవరూ ఉండరు. డ్యాష్‌బోర్డు మొదట చేయవలసిన పని దాన్ని తిరిగి తెలుగు లిపిలోకి మార్చి చూపడం.

మార్చి చూపినంత మాత్రాన సరిపోదు. ఐత్వాన్ని యూనికోడులో రెండు విధాలుగా రాయవచ్చు. 3144 అన్న ఒకే సంకేతంగా రాయవచ్చు. లేదా ఎత్వానికి 3142, దాని కింద వచ్చే గుర్తుకు 3158 అని రెండు సంకేతాలుగా విడదీసి రాయవచ్చు. ఈ రెండూ సమానమేనని యూనికోడు ప్రమాణమే చెబుతుంది. కంటికీ ఒకటిగానే కనిపిస్తాయి. కాని మొదటి పద్ధతిలో 'చెన్నై' 18 బైట్లు, రెండో పద్ధతిలో 21 బైట్లు. బైటుకు బైటు సరిపోల్చే ప్రోగ్రాముకు ఇవి రెండు వేరు వేరు మాటలు. విడదీసిన రూపం ఎక్కడినుంచి వస్తుందని పాఠకులు అడగవచ్చు. కొన్ని ఫైలు వ్యవస్థలు పేర్లను విడదీసి దాచుకుంటాయి. యాపిల్ కంప్యూటర్లలో చాలాకాలం వాడిన హెచ్‌ఎఫ్‌ఎస్ ప్లస్ అలాంటిదే. ఫైళ్ల పేర్ల నుంచి ఊళ్ల జాబితా తయారు చేసుకున్న ప్రోగ్రాము తనకు తెలియకుండానే విడదీసిన ఐత్వాన్ని పంపుతుంది. చెన్నై, ముంబై రెండూ దొరకవు, పుణె దొరుకుతుంది. కారణం తెలియనివారికి ఇది వింతగా ఉంటుంది. మీడియావికీ ఇక్కడ మంచి మార్గం చూపింది. విడదీసిన రూపాన్ని తానే కలిపి సరిచేసుకుంటుంది. ఇచ్చిన పాఠం ప్రామాణిక రూపంలో లేదని జవాబులో హెచ్చరిస్తుంది. సరిచేసి ఊరుకోవడం కంటే సరిచేశానని చెప్పడం మేలు.

దీనికంటే మొండిది మరొకటి ఉంది. ఈ వ్యాసం శీర్షికలోని 'డ్యాష్‌బోర్డు' అన్న మాటను చూడండి. 'ష' పొల్లు తరువాత 'బో' వచ్చింది. మామూలుగా టైపు చేస్తే బకారం వత్తుగా మారి ష కిందికి చేరుతుంది. అలా చేరకుండా మధ్యలో కనిపించని గుర్తు ఒకటి పెడతారు. దాని పేరు జీరో విడ్త్ నాన్ జాయినర్, సంకేతం 8204. తెలుగు రాతలో ఇది తప్పు కాదు, అవసరం. ఇబ్బంది ఎక్కడంటే, మాటకు ప్రత్యయం చేరినప్పుడు. 'బెంగళూర్‌లో' అన్న పదంలో 'ర్' తరువాత ఈ గుర్తు ఉంది. ప్రోగ్రాము చివరి 'లో' కోసేసి ఊరి పేరు తీసుకుంటే, ఆ గుర్తు పేరు చివర అంటిపెట్టుకునే ఉంటుంది. కంటికి 'బెంగళూర్' అనే కనిపిస్తుంది. వెతికితే దొరకదు. పైన చెప్పిన ప్రామాణికీకరణ దీన్ని తొలగించదు, ఎందుకంటే ఈ గుర్తుకు అర్థం ఉంది, దాన్ని పారేసే అధికారం ఆ పద్ధతికి లేదు. పరభాషా పదాలు, హలంతాలు ఎక్కువైన చోట ఈ గుర్తూ ఎక్కువ అవుతుంది.

కాబట్టి విన్నపంలోని మాటను డ్యాష్‌బోర్డు రెండు వరుసల్లో చూపాలని మేము సూచిస్తాం. పై వరుసలో మనం చదువుకునే తెలుగు. కింది వరుసలో సంకేతాలు ఒక్కొక్కటిగా విడివిడి గళ్లలో, కనిపించని గుర్తు ఉన్నచోట దాని పేరుతో సహా. ఇది మితిమీరిన జాగ్రత్త అనుకునేవారు 2018 ఫిబ్రవరి నాటి సంఘటన గుర్తు చేసుకోవాలి. జకార పొల్లు, ఞకారం, ఇప్పుడు చెప్పిన కనిపించని గుర్తు, ఆ తరువాత దీర్ఘం - ఈ వరుస సందేశంగా వస్తే ఐఫోన్లలో ఆ అప్లికేషను మూతపడిపోయేది. యాపిల్ సంస్థ ఆ నెల 19న 11.2.6 సంచికతో దాన్ని సరిదిద్దింది. ప్రపంచమంతా 'తెలుగు అక్షరం ఫోన్లను ఆపేస్తోంది' అని చెప్పుకున్నది గాని, అక్షరంలో తప్పేమీ లేదు. దాన్ని తెర మీద పేర్చే ప్రోగ్రాములో ఉంది. ఎదుటివారు పంపిన పాఠాన్ని చూపే ప్రతి తెరా ఇలాంటి వరుసలకు తట్టుకోగలగాలి.

చిట్టాలో పాఠాన్ని కత్తిరించే పద్ధతి కూడా చూసుకోవాలి. స్థలం ఆదా కోసం మొదటి 256 బైట్లు మాత్రమే ఉంచుతామని నియమం పెట్టుకుంటే ఇంగ్లీషులో 256 అక్షరాలు పడతాయి. తెలుగులో 85 సంకేతాలు పట్టి, ఒక బైటు మిగిలి, 86వ సంకేతం ముక్కలవుతుంది. దాని స్థానంలో ప్రశ్నార్థకం ఉన్న నల్ల గుర్తు కనిపిస్తుంది. అది చూసి తన ప్రోగ్రామే పాఠాన్ని పాడుచేసిందని డెవలపరు గంటల తరబడి వెతుకుతారు. శాతం గుర్తుల రూపంలోనే కత్తిరిస్తే పరిస్థితి ఇంకా అన్యాయం: 28 సంకేతాలకు మించి పట్టవు. కత్తిరించవలసి వస్తే అక్షరం సరిహద్దులో కత్తిరించి, ఇక్కడ కత్తిరించామని రాయాలి.

ఇక తప్పును చెప్పే వాక్యం. 'విన్నపం విఫలమైంది' అన్నది వాక్యమే గాని సమాచారం కాదు. 'మీ కీ గడువు తీరింది, కొత్తది తీసుకోండి' అంటే పని జరుగుతుంది. తప్పుల వివరాలను ఏ రూపంలో పంపాలో చెప్పే ప్రమాణం ఒకటి ఉంది. 2016లో వచ్చిన దాన్ని 2023లో ఆర్‌ఎఫ్‌సి 9457 అన్న పత్రంగా సవరించారు. తప్పు రకం, దాని శీర్షిక, స్థితి సంఖ్య, ఈ సందర్భానికి సంబంధించిన వివరం, సంఘటన గుర్తు అన్నవి అందులోని అంగాలు. మీడియావికీ సేవలో తప్పు సందేశం ఏ భాషలో రావాలో విన్నపంలోనే కోరవచ్చు. తెలుగు అనువాదం జరిగిన సందేశాలు తెలుగులోనే వస్తాయి. తప్పుకు పెట్టిన సంకేతనామం మాత్రం ఏ భాషలోనూ మారదు. ఇది సరైన పద్ధతి. ప్రోగ్రాము పోల్చి చూసుకునేది సంకేతనామాన్ని, మనిషి చదివేది సందేశాన్ని. రెండింటినీ కలిపేస్తే, అనువాదకులు ఒక మాట మార్చిన రోజున ఎవరి ప్రోగ్రామో ఆగిపోతుంది.

429 గురించి ఒక మాట. పరిమితి దాటారని చెప్పేటప్పుడు ఆ లెక్క దేన్ని బట్టి వేశారో కూడా చెప్పాలి. కీని బట్టి అయితే అది ఒక్కరి లెక్క. నెట్ చిరునామాను బట్టి అయితే, ఒకే వసతిగృహంలో ఒకే కనెక్షను మీద ఉన్న విద్యార్థులందరిదీ ఒకే లెక్కగా పడుతుంది. పక్క గదిలోని ప్రోగ్రాము చేసిన హడావుడికి ఈ గదిలోని వారు ఆగిపోతారు. ఎంతసేపు ఆగి మళ్లీ అడగాలో జవాబులోనే తెలిపే ఏర్పాటు ఉంది. డ్యాష్‌బోర్డు ఆ సమయాన్ని కూడా చూపాలి.

సమయం దగ్గరే మరో పొరపాటు జరుగుతుంది. సర్వర్లు సాధారణంగా అంతర్జాతీయ ప్రామాణిక కాలాన్ని రాసుకుంటాయి. మన గడియారం దానికంటే 5 గంటల 30 నిమిషాలు ముందుంటుంది. 5వ తేదీ అర్ధరాత్రి దాటి 12:15కు మనం పంపిన విన్నపం వారి చిట్టాలో 4వ తేదీ 18:45 కింద ఉంటుంది. 5వ తేదీ పేజీలో వెతికేవారికి అది దొరకదు. రెండు కాలాలూ పక్కపక్కనే వేస్తే ఈ బాధ ఉండదు.

దాచవలసినవీ ఉన్నాయి. కీ మొత్తం తెర మీద కనిపించకూడదు, పోల్చుకోవడానికి చివరి నాలుగు గుర్తులు చాలు. విన్నపాల్లో ఫోను నంబర్లు, చిరునామాలు ఉంటే వాటిని కప్పి చూపాలి, చిట్టాలు ఎన్నాళ్లు ఉంచుతారో ముందే చెప్పాలి. తెర పట్టుకున్న చిత్రాలను సహాయం కోసం పదిమందికీ పంపడం విద్యార్థుల్లో మామూలు గనుక ఇది చిన్న విషయం కాదు.

లోపం కనిపించాక సరిదిద్ది మళ్లీ అడిగి చూసుకునే చోటు కూడా అదే తెర మీద ఉంటే మేలు. 2012లో అభినవ్ అస్థానా ఒక చిన్న సాధనంగా ఆరంభించి, తరువాత బెంగళూరులో సంస్థగా ఎదిగిన పోస్ట్‌మన్ ప్రచారంలోకి వచ్చింది ఈ అవసరం వల్లనే. విన్నపాన్ని ప్రోగ్రాము రాయకుండానే తయారు చేసి, పంపి, జవాబు చూసుకోవచ్చు. తెలుగు వికీపీడియాలో, వికీసోర్సులో కూడా 'ఏపీఐ శాండ్‌బాక్స్' అన్న ప్రత్యేక పేజీ ఉంది. కీ అక్కరలేదు, ఖర్చు లేదు. పైన చెప్పిన రెండు 'చెన్నై'లనూ అందులో పెట్టి ఏ జవాబు వస్తుందో మన విద్యార్థులు స్వయంగా చూడవచ్చు. చెల్లింపుల వంటి సేవల్లో మాత్రం పరీక్షకు వేరే కీ, అసలు పనికి వేరే కీ ఉండి తీరాలి. స్ట్రైప్‌లో కీ మొదటి అక్షరాలు చూస్తేనే అది ఏ రకందో తెలుస్తుంది.

చివరగా, లోపం సేవ వైపే ఉందని తేలితే నడిపేవారికి రాయాలి. అప్పుడు డెవలపరు పదిచోట్ల వెతికి వివరాలు పోగు చేయనక్కరలేకుండా ప్రతి విన్నపం పక్కన 'నకలు' అన్న ఒక మీట ఉండాలి. దాన్ని నొక్కితే గుర్తింపు సంఖ్య, రెండు కాలాల్లో సమయం, స్థితి సంఖ్య, తప్పు సంకేతనామం, కీ చివరి నాలుగు గుర్తులు, పంపిన తెలుగు మాట, దాని సంకేతాల వరుస - ఇవన్నీ మామూలు పాఠంగా రావాలి. బొమ్మగా రాకూడదు. బొమ్మలో 8204 కనిపించదు.